అర్పణకు ముందు నిరాకరణ: కోనసీమ క్రైస్తవ ఆరాధనలో కళ, కులన్యాయం

ఆరాధన సారం అర్పణ. మనిషి తనది అయినదాన్నే అర్పించగలడు. ఇతరుల అధీనంలో ఉన్న శ్రమనో, స్వరాన్నో, వాద్యాన్నో దేవుని ఎదుట ఉంచడం అప్పగింత అవుతుందేమో గాని అర్పణ కాదు. ఈ సూత్రాన్ని ఒప్పుకుంటే వెంటనే ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. తన శరీరం మీద, తన కళ మీద, తన పేరు మీద తనకు అధికారం లేని సమాజంలో పుట్టిన మనిషి దేవునికి ఏమి అర్పిస్తాడు? ఆరాధన అతనికి న్యాయాన్ని తెచ్చిపెడుతుందా, లేక న్యాయం దక్కిన తరువాతనే అతని ఆరాధన సంపూర్ణమవుతుందా?

దళిత క్రైస్తవ జీవితాన్ని పరిశీలించినవారు సాధారణంగా రెండు సమాధానాలు చెబుతారు. పరలోక చింతన ఇహలోక పోరాటాన్ని వాయిదా వేసిందన్నది మొదటిది. ప్రార్థనామందిరంలో కలిసి కూర్చోవడమే కులనిర్మూలనకు నాంది అన్నది రెండవది. కోనసీమ అనుభవం ఈ రెండింటినీ పాక్షిక సత్యాలుగానే నిలబెడుతుంది. నిరాకరణ, అంటే విధించబడిన పనిని, స్థానాన్ని కాదనగలగడం, అర్పణకు ముందుండే షరతు అనీ, ఆ నిరాకరణ స్పష్టంగా కనిపించేది కళలోనే అనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే బల్ల, వేరు పల్లె

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా సువార్త సేవ సాగించారు. ఆ బ్రదరెన్ ఉద్యమమే గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపొంది, వశిష్ఠ దాటి కోనసీమలోకి వ్యాపించింది. ఈ సంఘాల్లో బిషప్పు లేడు. అభిషిక్త గురువు లేడు. ఆదివారం విశ్వాసులు ఒకే రొట్టె విరిచి పంచుకుంటారు. ఇందుకు భిన్నంగా ఆంగ్లికన్ సంప్రదాయంలో క్రమబద్ధమైన ఆరాధనావిధి, అధికారశ్రేణి ఉన్నాయి. అయితే 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆ పదవి పొందిన తొలి భారతీయుడు, క్రైస్తవ సంఘంలో కులభేదానికి చోటు లేదనే బోధించాడు. పద్ధతులు వేరైనా రెండు సంప్రదాయాలూ చాటింది ఒకే బల్లనే.

ఊరి చెరువులో నీరు ముంచుకునే హక్కు లేక, దూరం నుంచి దోసిట్లో పోయించుకుని తాగిన మనిషికి ఒకే పాత్ర అన్నది అలంకారం కాదు. పెదవికీ పెదవికీ మధ్య మైలను తుడిచివేసిన అనుభవం అది. దాని విలువను తక్కువ చేయడం సమంజసం కాదు. కాని ఆ బల్ల ఎక్కడ ఉందన్నది కూడా అంతే ముఖ్యమైన విషయం. కోనసీమలో ప్రార్థనామందిరాలు అధికంగా దళిత పేటల్లోనే వెలిశాయి. ఆ పాత్రను నిరాకరించగలవాడు ఆ గదిలో లేడు. అంటరానివారని ముద్రపడ్డవారు తమలో తాము సమానులమని ప్రకటించుకుంటే ఊరికి కలిగే ఇబ్బంది స్వల్పం. ధనికులు ముందుగా తిని పేదలను ఆకలితో నిలబెట్టిన కొరింథు సంఘాన్ని పౌలు మందలించాడు. అక్కడ ధనికుడూ పేదవాడూ ఒకే ఇంట చేరారు కనుకనే ఆ మందలింపునకు అర్థం ఏర్పడింది. ఉభయులూ ఎదురుపడని చోట బల్ల ఓదార్పునిస్తుంది గాని తీర్పు చెప్పదు.

పేట లోపల కూడా ఆ సమానత సంపూర్ణం కాలేదు. తీరాంధ్రలో మాల, మాదిగ సంఘాలు వేరువేరుగా పెరిగిన చోట్లు తక్కువేమీ కాదు. పెళ్ళి సంబంధాల దగ్గర బాప్తిస్మం కన్నా కులమే ఎక్కువసార్లు నిర్ణాయకమైంది. సంప్రదాయ బ్రదరెన్ కూడికల్లో స్త్రీ ముసుగు వేసుకుని మౌనంగా పాల్గొనవలసిందే. కనుక కలిసి ఆరాధించడం న్యాయానికి రుజువు కాదు. న్యాయం కోసం చేసిన వాగ్దానం మాత్రమే.

కీర్తన: దూరం చేయబడిన కళను పొందడం

తెలుగు క్రైస్తవ ఆరాధనకు గుండెకాయ ఆంధ్ర క్రైస్తవ కీర్తన. పల్లవి, చరణాల నిర్మాణం, పాట నెత్తిన రాగతాళాల పేర్లు చూస్తే ఇది ఏ సంప్రదాయం నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఈ ప్రక్రియకు ప్రతిష్ఠ తెచ్చిన పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన కవి. ఆయన వెంట తెలుగు కీర్తన సంప్రదాయం క్రైస్తవ గృహాల్లోకి నడిచివచ్చింది.

దీన్ని అగ్రవర్ణ సంస్కృతికి లొంగుబాటుగా మాత్రమే చదవడం తొందరపాటు. గుడి మెట్టు ఎక్కడానికి, సభలో కూర్చుని సంగీతం వినడానికి అర్హత లేదన్న మనిషి అదే రాగంలో తన దేవుణ్ణి పిలవడం ఒక హక్కును చేజిక్కించుకోవడమే. చదువు రానివారికి కీర్తన ఒక గ్రంథాలయమైంది; బైబిలు కథ, సిద్ధాంతం, నీతి పాటగా కంఠస్థమయ్యాయి. ఇక్కడ కళ చేసిన న్యాయం నిర్దిష్టమైనది: నిషిద్ధమైనదాన్ని అందుబాటులోకి తెచ్చింది.

అయినా ఇందులో ఒక లోటు ఉంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌లో హిందూ దేవాలయ స్తంభాల శైలి, ముస్లిం వాస్తులోని గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. దేశీయతను గౌరవించిన గొప్ప యత్నమది. కాని స్తంభమూ గుమ్మటమూ అప్పటికే గౌరవం పొందిన కళలు. ఆ మందిరాన్ని నింపిన గ్రామీణ దళితుల సొంత కళకు అదే స్థాయిలో చోటు దక్కిందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ ప్రశ్నకు కేంద్రం డప్పు.

డప్పు: వదిలివేత, తిరిగి చేపట్టడం

డప్పు విషయంలో సానుభూతి ఒక్కటే సరిపోదు. పాతకాలపు ఊరిలో డప్పు కొట్టడం మాదిగల ఇష్టం కాదు, విధి. జాతరకు, చావుకు, చాటింపునకు పిలిచినప్పుడు వెళ్ళవలసిందే. అది వెట్టి. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు ప్రాంతపు మాదిగలు క్రైస్తవం స్వీకరించిన తరువాత గ్రామదేవతల కొలువులో డప్పు కొట్టబోమని నిలబడ్డప్పుడు ఊరి పెద్దల ఆగ్రహానికి గురయ్యారు. ఆ తిరస్కారాన్ని మిషనరీల సాంస్కృతిక అసహనంగా మాత్రమే వ్యాఖ్యానించడం దానిలోని నైతిక ధైర్యాన్ని విస్మరించడమే. తన చేతులు ఎప్పుడు ఆడాలో తానే నిర్ణయించుకుంటానని ఒక మనిషి అన్న తొలి సందర్భాల్లో అదొకటి.

చిక్కు ఆ తరువాత వచ్చింది. వెట్టిని వదలడం న్యాయం. వాద్యాన్నే అపవిత్రమనడం వేరు. మొదటిది చేసిన సంఘాలు రెండవదానిలోకి జారాయి. హార్మోనియం, తబలా మందిరంలోకి వచ్చాయి. డప్పు చాలాకాలం గుమ్మం బయటే ఉండిపోయింది. అంటే మైల మనిషి మీది నుంచి తొలగి అతని వాద్యం మీదికి చేరింది.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తన పేరునే చాటింపు నుంచి తీసుకుంది. బానిసత్వపు గుర్తు ఆత్మగౌరవ చిహ్నమైంది. ఇక్కడ వాద్యం మారలేదు, తోలు మారలేదు, దరువు మారలేదు. కొట్టేవాని సంకల్పం మారింది. మధ్యలో జరిగిన నిరాకరణ లేకపోతే ఈ స్వీకరణకు నైతిక బలం ఉండేది కాదు. కనుక నేడు డప్పును ఆరాధనలోకి తేవాలన్న వాదం గతం మీద మమకారంగా కాక, స్వేచ్ఛకు సాక్ష్యంగా నిలవాలి. మాలలు అధికంగా ఉన్న కోనసీమలో దీనికి మరో అర్థం కూడా ఉంది: మాదిగ వాద్యాన్ని మాల సంఘం గౌరవంతో స్వీకరించడం ఒకే బల్ల వాగ్దానానికి దగ్గరి పరీక్ష.

విధించిన పాత్రను కాదనడం కోనసీమ సాహిత్యానికి పరిచితమైన ఇతివృత్తమే. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. అది క్రైస్తవ రచన కాదు. అయినా నైతిక క్రమం ఒకటే. జి.కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో వీధిభాగవత కళాకారుని కొడుకు శివయ్య సీమోనుగా మారినా అంటరానితనం సమస్య తీరదు. తరువాతి తరాలు దాన్ని కొనసాగిస్తాయి. మతం మారడం నిరాకరణకు ఆరంభమే గాని ముగింపు కాదని ఆ నవల సూచిస్తుంది.

ఒక ఆక్షేపణ

స్వేచ్ఛ లేనివాని ఆరాధన అసంపూర్ణమంటే, బానిసల ప్రార్థన ప్రార్థన కాదా అన్న ఆక్షేపణ సహజం. అమెరికా నల్లజాతి చరిత్ర దీనికి సమాధానం ఇస్తుంది. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్న అబ్సలోమ్ జోన్స్‌ను లేపి పక్కకు పంపబోగా, నల్లజాతి విశ్వాసులు ఆ చర్చిని వదిలి బయటికి నడిచారు. ఆ నడకే 1794లో సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ చర్చికి పునాది అయింది. జోన్స్ ఎపిస్కోపల్ సంఘంలో గురువుగా అభిషిక్తుడైన తొలి నల్లజాతీయుడు. అయినా ఆ చర్చికి డయోసీస్ మహాసభలో ప్రాతినిధ్యం అనేక దశాబ్దాల పాటు దక్కలేదు. ఆరాధనకు అనుమతి, అధికారానికి నిషేధం: వర్ణవివక్ష, కులవివక్ష రెండింటిలోనూ కనిపించే పోలిక ఇది.

తోటల్లో, రహస్య కూడికల్లో బానిసలు పాడుకున్న భక్తిగీతాలు యజమాని ఆజ్ఞ మీద పుట్టినవి కావు. యజమాని కాలంలోనుంచి తమ కోసం చిక్కించుకున్న క్షణాల్లో పుట్టినవి. ఆ పాటే నిరాకరణ. అందుకే డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1903లో వాటిని నల్లజాతి ప్రజలు దేశానికిచ్చిన కానుకగా పరిగణించగలిగాడు. కానుక ఇవ్వగలవాడు ఆ మేరకు స్వతంత్రుడు. కాబట్టి నిరాకరణ అంటే చట్టపరమైన విముక్తి కోసం వేచి ఉండడం కాదు. అది ఒక పాటలోనూ ఒక నడకలోనూ మొదలుకావచ్చు.

గోడ బయట

కోనసీమలో ఆ మొదలు ఎంతవరకు సాగిందని అడిగితే రెండు విషయాలు ఎదురవుతాయి. మొదటిది చట్టం. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు హిందూమతం అవలంబించేవారికే ఆ హోదాను పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా క్రైస్తవులకు చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో లెక్కకు వస్తారు. ఫలితంగా ఎన్నో కుటుంబాలు ఆరాధనను ఒక పేరుతోను, హక్కును మరో పేరుతోను కాపాడుకోవలసి వస్తున్నది. విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకుంటే న్యాయం చేజారుతుంది. న్యాయం కోరితే విశ్వాసం గుసగుసగా మిగులుతుంది. ఈ స్థితిలో అబద్ధమాడినవాడని విశ్వాసిని నిందించడం సులభం. అతన్ని ఆ ఎంపికకు నెట్టిన వ్యవస్థ నైతికతను ప్రశ్నించడమే అవసరం.

రెండవది పేరు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు జోడించాలన్న ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో చెలరేగిన నిరసన హింసగా మారి ప్రజాప్రతినిధుల ఇళ్ళు దగ్ధమయ్యాయి. తరువాత ఆ పేరే ఖరారైంది. మందిరంలో తరతరాలుగా పాడిన సమానత, ఉమ్మడి స్థలం మీద ఒక దళిత నామం నిలవబోయినప్పుడు ఎదుర్కొన్న పరీక్ష ఇది. ఇక్కడ అంబేడ్కర్ మాటలే హెచ్చరికగా పనికివస్తాయి. మతంలో భక్తి ముక్తిమార్గం కావచ్చు గాని రాజకీయాల్లో అది పతనానికి దారి తీస్తుందని ఆయన 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో స్పష్టం చేశాడు. మతం మార్చుకున్న అస్పృశ్యులు తమకు జరుగుతున్న అన్యాయాలపై పోరాడడం లేదని కూడా విమర్శించాడు. పేరును ఆరాధించడం ఆ పేరు కోరిన పనికి బదులు కాజాలదు. పాటను ఆరాధించడం కూడా అంతే.

బలిపీఠం దగ్గరికి వచ్చాక సోదరునికి నీ మీద ఏదో విరోధముందని గుర్తుకు వస్తే కానుకను అక్కడే విడిచి ముందు సమాధానపడమని మత్తయి సువార్త ఆదేశిస్తుంది. న్యాయం లేని చోట పాటల ధ్వనిని దేవుడు సహించడని, న్యాయం ఎండని ఏరులా పారాలని ప్రవక్త ఆమోసు ప్రకటించాడు. ధవళేశ్వరం ఆనకట్ట నీటితో బతికే డెల్టాకు ఈ ఉపమానం సుబోధకం. కాలువలో నీరు నిండుగా ఉన్నంత మాత్రాన శివారు భూమి తడవదు. ఎగువ తూము దగ్గర ఎవరో ఒకరు పట్టుబట్టాలి. కోనసీమ మందిరాల్లో కీర్తన నిండుగానే ఉంది. అది శివారుకు చేరేది, పాడేవాడు తన కంఠమూ తన వాద్యమూ తన పేరూ తనవేనని ఊరి మధ్య నిలబడి చెప్పగలిగినప్పుడు. ఆ మాట వినడానికి ఊరు సిద్ధపడినప్పుడు.