ఉత్తరానికి పర్దా

ఈ సంకలనానికి వ్యాసాలు తెప్పించుకోవడానికి మాకొక ఈమెయిల్ కావాల్సివచ్చింది. అంత చిన్న సంగతి దగ్గర మూడు ఆదివారాలు కొట్లాడుకున్నాం. చాయ్ మీద చాయ్ తాగాం, ఉస్మానియా బిస్కెట్లు అయిపోయాయి గానీ మాట తెగలేదు. బయటివాళ్లు వింటే నవ్వుతారు. మెయిల్ ఏదైతేనేం, రాసింది చేరితే చాలదా అంటారు. మాలోనూ సగంమంది మొదట అదే అన్నారు.

గొడవ ఇద్దరి వల్ల వచ్చింది. ఒక ఆపా తన ఖులా గురించి రాస్తానంది. పుస్తకం అచ్చయ్యేదాకా అటువైపు వాళ్లకు గానీ, జమాత్ పెద్దలకు గానీ తెలియకూడదంది. ఇంకొకతను చేయని నేరానికి ఏడాదికి పైగా జైల్లో ఉండి, నిర్దోషి అని కోర్టు చెప్పాక ఇంటికొచ్చిన తమ్ముడు. 'రాస్తా గానీ భాయ్, నేను పంపింది మీరు తప్ప ఇంకెవరూ చూడొద్దు' అన్నాడు. ఒకరికి ఇంటివాళ్ల భయం, ఒకరికి సర్కారు భయం. ఇద్దరూ మమ్మల్ని నమ్మారు. మరి మేం ఎవర్ని నమ్మాలి?

'తాళమున్న మెయిల్ పెడదాం' అన్నారు మాలో కంప్యూటర్లు తెలిసిన పిల్లలు. అప్పుడు అందరికన్నా పెద్దాయన గడ్డం నిమురుకుంటూ అడిగాడు: 'మనం ఏం తప్పు చేస్తున్నామని తాళం? సాయిబులు తలుపులేసుకుని ఏం రాసుకుంటున్నారని రేపు ఎవడైనా అడిగితే ఏం చెబుతాం?' ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు తాళం సంగతి. మామూలు మెయిల్‌లో మన ఉత్తరం కంపెనీ ఇంట్లో ఉంటుంది. దారిలో దొంగలు పడకుండా కాపలా ఉంటుంది, నిజమే. కానీ ఇంటి తాళంచెవి కంపెనీదే. చట్టం చూపించి సర్కారు అడిగితే తీసి ఇస్తుంది. ఎన్‌క్రిప్షన్ మెయిళ్లు అలా కాదు. ఉత్తరం మన కంప్యూటర్లోనే ఎవరికీ అర్థంకాని గజిబిజిగా మారిపోయి బయటికి వెళ్తుంది. మన పాస్‌వర్డ్ ఉంటేనే మళ్లీ అక్షరాలవుతుంది. కంపెనీ చేతిలో ఉండేది ఆ గజిబిజే. పాస్‌వర్డ్ మరిచిపోతే పాత ఉత్తరాలు కంపెనీ కూడా తీసివ్వలేదు. అయితే ఇదంతా ఇటూ అటూ ఒకే తాళం ఉన్నప్పుడు. మాకు రాసేవాళ్లలో నూటికి తొంభైమంది జీమెయిల్ వాళ్లే. వాళ్లు పంపింది మా దగ్గర తాళంలో పడినా, దాని నకలు వాళ్ల దగ్గర మామూలుగానే ఉంటుంది. సగం తలుపుకే తాళమన్నమాట.

మా ముందు మూడు పేర్లు పెట్టారు. జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలలో కలుసుకున్న శాస్త్రజ్ఞులు 2014లో తెచ్చిన ప్రోటాన్, స్విట్జర్లాండ్‌ది. జర్మనీలో హానోవర్ నుంచి నడిచే టుటా. 2023 దాకా దాని పేరు టుటనోటా. మూడోది బెల్జియం వాళ్ల మెయిల్‌ఫెన్స్. ప్రోటాన్ పెద్దది, వాడటం తేలిక. అయితే అందులో ఉత్తరం లోపలిభాగానికి ఉన్న తాళం సబ్జెక్టు గీతకు లేదు. టుటాలో సబ్జెక్టుకూ ఉంది. ఇదేం పెద్ద తేడా అనుకున్నాం మొదట. ఆలోచిస్తే మావాళ్ల అలవాటు గుర్తొచ్చింది. చెప్పాల్సిందంతా సబ్జెక్టులోనే చెప్పేస్తారు! 'నా జైలు అనుభవం, మూడో భాగం' అని పైన రాసి, లోపల ఎంత పెద్ద తాళం వేస్తే ఏం లాభం?

ఇక్కడిదాకా పిల్లలు చెప్పారు, మేం విన్నాం. తర్వాత మొదలైంది అసలు తిరకాసు. తాళం ఎంత గట్టిదైనా దాన్ని చేసేవాడు ఏదో ఒక దేశంలో ఉంటాడు. ఆ దేశానికో చట్టం ఉంటుంది. అమెరికాలో లావాబిట్ అని ఇలాంటి మెయిలే ఉండేది. ఎడ్వర్డ్ స్నోడెన్ వాడింది అదే. 2013లో అక్కడి సర్కారు దాని యజమాని లాడర్ లెవిసన్‌ను పట్టుకుని, ఒక్కడి కోసం అందరి ఉత్తరాలూ తెరుచుకునే తాళంచెవి ఇమ్మంది. ఆయన పదకొండు కాగితాల మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చువేసి ఇచ్చాడట. కోర్టు ఒప్పుకోలేదు, రోజుకు ఐదువేల డాలర్ల జరిమానా అంది. చివరికి తాళంచెవి ఇచ్చాడు గానీ, ఆగస్టు 8న దుకాణమే మూసేశాడు. నాలుగు లక్షలమందికి పైగా వాడుతున్న మెయిల్ దాంతోపాటే ఆగిపోయింది. పిచ్చోడనుకునేవాళ్లు అనుకోవచ్చు. మాకు మాత్రం ఈ కథంతటిలో గౌరవం కలిగింది ఆ మనిషి మీదే.

స్విట్జర్లాండ్ అయితే ఎవరి జోలికీ పోని దేశం అంటారు. 2021లో ఫ్రాన్సు పోలీసులు పర్యావరణ ఉద్యమకారుల్ని పట్టుకోవాలనుకున్నారు. స్విస్ అధికారుల్ని అడిగారు. వాళ్లు ప్రోటాన్‌కు హుకుం ఇచ్చారు. ఉత్తరం లోపలిది ప్రోటాన్ దగ్గరే లేదు కాబట్టి ఇవ్వలేదు. ఎక్కడినుంచి మెయిల్ తెరుస్తున్నారో చెప్పే ఐపీ అడ్రసు ఇచ్చింది. మామూలుగా మేం ఐపీలు రాసిపెట్టుకోం అని తన గుమ్మం మీద రాసుకున్న మాటను ఆ తర్వాత చెరిపేసుకుంది. 2024లో స్పెయిన్‌లో ఒక కాటలాన్ ఉద్యమకారుడి విషయంలో ఇంకా చిత్రం జరిగింది. పాస్‌వర్డ్ పోతే పనికొస్తుందని అతను ఇచ్చిన రెండో మెయిల్ అడ్రసును ప్రోటాన్ చెప్పింది. ఆ రెండో మెయిల్ ఆపిల్‌ది. ఆపిల్ పేరు చెప్పేసింది. టుటా ఏమైనా తక్కువ తిన్నదా? 2020లో కొలోన్ కోర్టు ఒక అకౌంట్‌కు తాళం లేకుండా వచ్చే ఉత్తరాల్ని పోలీసులకు చూపించమంటే ఏర్పాటు చేయాల్సివచ్చింది. వీళ్లెవరూ మోసగాళ్లని మేం అనడంలేదు. చట్టానికి లోబడ్డారు. కాకపోతే మేం మెయిల్ ఎంచుకుంటున్నాం అనుకున్నాం, నిజానికి ఏ సర్కారుకు లోబడాలో ఎంచుకుంటున్నాం.

అందులో మాకు ఇంకో ముల్లు ఉంది. 2009లో స్విట్జర్లాండ్ జనం ఓట్లేసి మసీదులకు మినార్లు కట్టకూడదని తీర్పిచ్చారు. 2021లో మళ్లీ ఓట్లేసి బహిరంగ చోట్ల మొహం కప్పుకోవడాన్ని నిషేధించారు. అది 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. బెల్జియం ఆ పని 2011లోనే చేసింది. మా ఆపా ఉత్తరానికి పర్దా ఇచ్చే దేశం, ఆమె నఖాబ్ వేసుకుని అక్కడి వీధిలో నడిస్తే జరిమానా వేస్తుంది! పర్దా గురించి మాలో మాకే ఏకాభిప్రాయం లేదు, ఆ గొడవ ఈ పుస్తకంలోనే ఇంకోచోట చదువుతారు. మా ప్రశ్న వేరు. ఏది కప్పుకోవాలో ఏది చూపించాలో ఆమె తేల్చుకోవాలా, ఓట్లేసినవాళ్లా? ఉత్తరం విషయంలో ఆమెకున్న హక్కు మొహం విషయంలో ఎందుకు లేకుండా పోతుంది? ఇక్కడి సెక్యులర్ మిత్రుల్ని కూడా ఇదే అడుగుతున్నాం. బుర్ఖా తీసేయమని మాకు చెప్పేటప్పుడు మీరు వాడే మాట స్వేచ్ఛ. ఫోన్ తెరిచి చూపించమని పోలీసు అన్నప్పుడు ఆ మాట ఎటు పోతుంది?

'దాచుకునేదేమీ లేకపోతే భయమెందుకు' అని వాళ్లు చాలా మామూలుగా అంటారు. 'నా ఫోన్ తీసి చూడండి, నాకేం భయం' అంటారు. నిజమే, మీకు భయం లేదు. మీ పేరు విని ఎవరూ ఫోన్ అడగరు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అనే మాట కోసం వెదకడం వీడియోల్లో అందరూ చూశారు. అప్పుడు చాలామంది మొదటిసారి ఉలిక్కిపడ్డారు. మాకు అది కొత్త కాదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మా పిల్లల్ని ఎలా పట్టుకెళ్లారో, తర్వాత వాళ్లమీద ఏమీ నిలవక సర్కారే పరిహారం ఎలా ఇచ్చిందో ఈ ఊరికి తెలుసు. వాళ్లు ఏదో రాసి దొరకలేదు. పేరు వల్ల దొరికారు.

ఇక్కడే మేం చాలాసేపు ఆగిపోయాం. ఏ ఎన్‌క్రిప్షన్ మెయిలూ దాచలేనిది ఒకటుంది. పంపినవారి అడ్రసు, అందుకున్నవారి అడ్రసు, రోజు, గంట. అవి కప్పేస్తే ఉత్తరం చేరదు. మిగతావాళ్లకు అది పెద్ద సంగతి కాకపోవచ్చు, వాళ్ల గుట్టు ఉత్తరంలో ఉంటుంది. మా గుట్టు కవరు మీదే ఉంది. అద్దె ఇల్లు అడిగేటప్పుడు ఫోన్లో అంతా మాట్లాడుకుని, పేరు చెప్పగానే 'మా చుట్టాలొస్తున్నారండీ' అనిపించుకున్నవాళ్లం. మాలో ఒకతను అప్పుడే అన్నాడు: 'అయితే పేరు లేని అడ్రసు పెడదాం. ఏదో పువ్వు పేరో, నది పేరో.' గది నిశ్శబ్దమైంది. సొంత పేర్లతో తెలుగులో రాస్తాం, మేమిలాగే ఉంటాం అని పుస్తకం వేస్తూ, ఆ పుస్తకానికి వచ్చే ఉత్తరాల కోసం పువ్వు పేరు వెనక దాక్కోవాలా? ఉత్తరాన్ని దాచుకోవడం వేరు, మనల్ని దాచుకోవడం వేరు అని పెద్దాయనే అన్నాడు. మొదటి ఆదివారం తాళమెందుకన్న మనిషి!

మా ఇళ్లల్లో చెప్పుకునే కథ ఒకటుంది. హజ్రత్ ఉమర్ ఖలీఫాగా ఉన్నప్పుడు రాత్రిపూట గస్తీ తిరుగుతుంటే ఒక ఇంట్లోంచి పాట వినిపించిందట. గోడెక్కి లోపలికి దూకారట. లోపల మనిషి శరాబు తాగుతున్నాడు. ఖలీఫా గద్దిస్తే ఆ మనిషి అన్నాడట: 'నేను చేసింది ఒక తప్పు. మీరు మూడు చేశారు. పరాయి గుట్టు వెదికారు, తలుపుండగా గోడ దూకారు, సలాం చెప్పి అనుమతి అడక్కుండా లోపలికొచ్చారు.' ఖలీఫా అతన్ని వదిలేసి వెళ్లిపోయారట. ఈ కథలో మాకు పనికొచ్చేది లోపలివాడు మంచివాడు కాకపోవడమే. తప్పు చేసేవాడి ఇంటికి కూడా గోడ ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా, ఎవరి గుట్టు వాళ్లది కావడం ప్రాథమిక హక్కే అన్నారు. ఆ మాట మా నానీలకు చెబితే, ఇది తేల్చడానికి తొమ్మిదిమందా అంటారు. అయితే అదే దేశంలో సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ ఉంది. తాళం విప్పమన్నప్పుడు సాయపడకపోతే ఏడేళ్ల దాకా జైలు.

మా వాదన ఇక్కడితో నెగ్గింది అనుకోవద్దు. ఒక చెల్లెలు లేచి అడిగింది: '2021లో, మళ్లీ 2022 జనవరిలో ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు పెట్టి వేలం యాప్‌లు నడిపినవాళ్లు దాక్కున్నది కూడా దొంగపేర్ల వెనకే కదా? వాళ్లకూ గోడ కావాలంటారా?' ఆ మాట మా అందరికీ తగిలింది. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్‌ను దేశంలో అడ్డుకోవడానికి చర్య తీసుకొమ్మని కేంద్రాన్ని ఆదేశించింది కూడా ఇలాంటి ఫిర్యాదు మీదే. ఒక కంపెనీలో పనిచేసే మహిళల గురించి ఎవరో ఆ మెయిల్‌లోంచి బూతులు పంపారు. అంతకుముందు ఏడాది చెన్నైలో బడులకు బాంబు బెదిరింపులొచ్చినప్పుడు కూడా దాన్ని మూసేయాలన్న మాట వచ్చింది. బూతులందుకున్న ఆడమనిషికి మా తాళం కబుర్లు ఏం ఓదార్పు? ఆ చెల్లెలికి మేం చెప్పగలిగింది ఒక్కటే. ఆ వేలం యాప్‌ల వాళ్లు దొరికారు. అందరి ఉత్తరాలూ విప్పితే దొరకలేదు, పోలీసులు వాళ్లనే వెదికితే దొరికారు. మొదటిదానికి నెలల తరబడి ఎందుకు వెదకలేదన్నదే అసలు అడగాల్సింది. ఆమె ఒప్పుకోలేదు. సగమే ఒప్పుకున్నానంది. మేం కూడా ఆ సగం దగ్గరే ఉన్నాం.

చివరికి టుటా తీసుకున్నాం, ఆ సబ్జెక్టు గీత కోసం.  అడ్రసులో మా మాట, మా పేరు ఉంచాం. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇద్దరి ఇళ్లలో పెట్టాం.

ఆపా మెయిల్ చేయలేదు. ఇంట్లో ఫోన్ అందరిదీ అట. రెండువందల పేజీల నోటుబుక్కులో రాసి, పాత దుపట్టాలో చుట్టి, తమ్ముడి చేత పంపింది. టైపు కొట్టాక తిరిగి పంపమంది, పంపాం.

జైలుకెళ్లొచ్చిన తమ్ముడి నుంచి నెల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. మేం చెప్పినట్టే అకౌంట్ తెరిచి, సబ్జెక్టు రాయకుండా పంపాడు. లోపల ఒక్క వాక్యం. 'అమ్మీ వద్దంటోంది భాయ్, ఏమనుకోకండి.'