పురద్వారమున నిలిచినవాడు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 19:1-10, యెహోషువ 20:1-9

కనాను దేశము గోత్రములకు పంచిపెట్టబడిన పిమ్మట ఆరు ఆశ్రయపురములు ప్రత్యేకింపబడెను. యొర్దానుకు పడమట కెదెషు, షెకెము, హెబ్రోను. తూర్పున బేసెరు, రామోతు, గోలాను. పొరపాటున ఒకని ప్రాణము తీసినవాడు, ప్రతిహత్య చేయువానికి చిక్కకమునుపే వీటిలో ఒకదానిని చేరవలెను. భూపటమున ఈ పేరులను వెదకినయెడల ఒక సంగతి తేటపడును: నదికి ఇరుప్రక్కల ఉత్తరమున ఒకటి, నడుమ ఒకటి, దక్షిణమున ఒకటి. దేశమును మూడు భాగములు చేసి త్రోవలు సిద్ధపరచవలెనని మోషే ముందుగానే ఆజ్ఞాపించియుండెను. దారి దూరమైనయెడల పారిపోవువాడు దారిలోనే చచ్చును గదా! కావలివాని సౌకర్యమునుబట్టి గాక, పరుగెత్తువాని కాళ్ల బలమునుబట్టియే ఆ చోట్లు నిర్ణయింపబడెను.

హెబ్రోను సంగతి మరింత విచిత్రము. అది కాలేబు తన ఎనుబదియైదవ యేట అడిగి సంపాదించుకొన్న స్వాస్థ్యము. పొలములును పల్లెలును అతనికే యుండగా, పట్టణము మాత్రము యాజకులకును ఆశ్రయము కోరువారికిని ఇయ్యబడెను (21:11-13). కాలేబు సణిగెనని ఎక్కడను వ్రాయబడలేదు. నేడు ఒక వీధిలో అట్టి గృహము కట్టుదురని వినబడిన దినముననే అభ్యంతరపు అర్జీమీద సంతకములు పూర్తియగును.

ఆశ్రయమునకు చోటు వేరొక కొలతతో ఎన్నుకొన్నప్పుడు ఏమగునో దక్షిణ బస్తరులోని ఎర్రబోరు చూపినది. కుంట నుండి సుక్మాకు పోవు రహదారిమీది చిన్న గ్రామమది. 2005 జూన్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వా జుడుం లేచిన తరువాత, అడవిపల్లెల ప్రజలు, కొందరు భయముచేత, కొందరు బలవంతముచేత, రోడ్డుప్రక్క శిబిరములకు చేర్చబడిరి. ఇరువదికి పైగా శిబిరములలో సుమారు 50,000 మంది యుండిరని ప్రభుత్వపు లెక్క. రహదారిని ఎన్నుకొనుటకు కారణము లేకపోలేదు: బియ్యమును, మందులును, బలగములును అక్కడికి త్వరగా చేరును. అయితే దున్నిన పొలమును, ఇప్పచెట్లును వెనుకనే నిలిచిపోయెను. శిబిరములలోని యువకులు అనేకులు ప్రత్యేక పోలీసులుగా తుపాకులు పట్టిరి. ఆశ్రయమును యుద్ధమును ఒకే కంచెలోనికి వచ్చెను. 2006 జూలై 16వ తేదీ రాత్రి నక్సలైట్లు ఎర్రబోరు శిబిరముమీద పడి, గుడిసెలకు నిప్పుపెట్టి, సుమారు ముప్పదిమందిని చంపిరి. ఆ రక్తాపరాధము చంపినవారిదే. దానిని మరియొకరి తలమీదికి నెట్టరాదు. అయినను, ఇరుపక్షముల తుపాకుల నడుమ పసిబిడ్డలను పండుకొనబెట్టిన ఆ చోటు ఎవరి క్షేమమును తలంచి ఎన్నుకొనబడెను? చాలీచాలని శిక్షణతో గిరిజన యువకుల చేతికి ఆయుధములిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పెను.

శిబిరమునకు పోనొల్లక వేలమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చిరి. ఇక్కడివారు వారిని గుత్తికోయలనిరి. రిజర్వు అడవిలో వారు వేసికొన్న గుడిసెలను అటవీశాఖవారు పలుమారులు తొలగించిరి. ఆశ్రయపురము ఇశ్రాయేలీయునికి మాత్రమే గాక వారి మధ్య నివసించు పరదేశికిని చెందునని యెహోషువ 20:9 చెప్పుచున్నది. ఆ వచనమును త్వరపడి చదివి దాటిపోవుట సులభము.

మహానగరములలో నిలువనీడ లేనివారిని తరిమినది తుపాకి కాకపోవచ్చును. చోటును గూర్చిన ప్రశ్న మాత్రము అదియే. పెద్ద పట్టణములలో ప్రతి లక్ష జనాభాకు 100 మంది తలదాచుకొను వసతి యుండవలెననునది సుప్రీంకోర్టు ఆదేశములలోను, 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకములోను నిలిచిన కొలత. లెక్క మంచిదే. ఆ వసతి ఊరి వెలుపల బస్సు పోని చోట కట్టబడినయెడల, వేకువనే కూలి అడ్డాలో నిలువవలసినవాడు అక్కడికి ఎట్లు పోవును? హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి వాకిట దుప్పటి పరచుకొన్న తల్లికి కావలసినది పది మైళ్ల ఆవలి మంచము కాదు. లోపలినుండి పిలిచిన మాట ఆమెకు వినబడవలెను.

కొందరికి ఒక రాత్రి చాప చాలదు. మతి చలించి వీధి పాలైనవానికి, మద్యమునకు బానిసయైనవానికి, పిల్లలు విడిచిన వృద్ధురాలికి ఏండ్ల తరబడి ఇల్లును, వేళకు మందును, పేరుపెట్టి పిలుచు మనిషియు కావలెను. యెహోషువ 20:4లోని క్రమము ఇట్టిదే: వచ్చినవాడు పురద్వారమున నిలిచి తన సంగతి చెప్పుకొనును, పెద్దలు విని, లోనికి చేర్చుకొని, తమ మధ్యనే చోటిత్తురు. తమ మధ్యనే! గోడ ఆవల కాదు. అంగళ్లు, బావి, పిల్లల ఆటలు ఉన్న ఊరిలోనే.

బస్టాండుకు దగ్గరగా, నీటి కుళాయితో, మరుగుదొడ్డితో, ఆదివారము మాత్రమే తెరువబడు హాలు ఎన్ని సంఘములకు లేదు? దాని తాళపుచెవి ఎవరి యింట వ్రేలాడుచున్నదో పెద్దలందరికిని తెలియును.