బొంత కూర్పులో ధర్మసూక్ష్మం

చేతిపనుల లోకంలో బొంతకు దక్కిన గౌరవం స్వల్పం. చిరిగిన చీరెలను, వెలిసిన పంచెలను చేర్చి కుట్టే పని ఇంటి స్త్రీల తీరిక వేళకు చెందినదే తప్ప కళగా పరిగణన పొందడానికి చాలా కాలం పట్టింది. తెలుగులో పొందిక లేని దేనినైనా 'అతుకుల బొంత' అని ఈసడించడం పరిపాటి. సంకీర్ణ ప్రభుత్వానికీ ఆ పేరే, తర్కం కుదరని గ్రంథానికీ ఆ పేరే. ఆ నింద వేసేవారు గమనించని విషయం ఒకటుంది. అతుకులుండడం బొంతకు లోపం కాదు, స్వభావం. బొంత మంచిచెడ్డలు తేలేది ఏ ముక్కను ఎంత కొలతకు కోశారు, దేని పక్కన దేనిని నిలిపారు అన్న నిర్ణయంలోనే. పెద్ద గళ్ళా, చిన్న గళ్ళా అన్న ప్రశ్న పైకి అలంకారానికి సంబంధించినదిగా తోస్తుంది. లోతుకు దిగితే అది భాగానికీ సమగ్రానికీ నడుమ న్యాయమెట్టిదన్న ప్రశ్నగా పరిణమిస్తుంది.

ముందుగా లెక్క చూడవలసి ఉంది. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల బొంతను 20 అంగుళాల గళ్ళతో కూరిస్తే 12 గళ్ళు సరిపోతాయి. 10 అంగుళాల గళ్ళయితే 48, 5 అంగుళాల గళ్ళయితే 192 కావాలి. లోపలి అతుకుల మొత్తం పొడవు మొదటి కూర్పులో 340 అంగుళాలు, రెండవదానిలో 820, మూడవదానిలో 1,780. గడి కొలత సగమైన ప్రతిసారీ శ్రమ రెట్టింపును మించుతున్నదన్నమాట. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ప్రతి అతుకు వద్ద ముక్క అంచు పావు అంగుళం మేర లోపలికి మడతపడి కంటికి కనబడకుండా పోతుంది. 20 అంగుళాల గడికి నాలుగు వైపులా ఆ మేరకు పెంచి 20.5 అంగుళాల ముక్కను, 5 అంగుళాల గడికి 5.5 అంగుళాల ముక్కను కోయాలి. ఈ లెక్కన పెద్ద ముక్క తన వైశాల్యంలో నూటికి సుమారు 5 వంతులు అతుకుకు అర్పిస్తుంది. చిన్న ముక్క నూటికి 17 వంతులకు పైగా అర్పిస్తుంది.

కలయిక ఊరికే సిద్ధించదు. చేరిన ప్రతి భాగమూ కొంత వదులుకోవాలి. అయితే అందరి అంచూ పావు అంగుళమే మడతపడుతున్నది గనుక నియమం సమానమేనని చెప్పడం సగం సత్యం. నియమం సమానమైనా భారం సమానం కాలేదు. ముక్క ఎంత చిన్నదైతే అది కోల్పోయే వంతు అంత పెద్దది. కత్తెర పట్టినవారి బాధ్యత ఇక్కడ మొదలవుతుంది.

పెద్ద గడిని సమర్థించే వాదం జ్ఞాపకానికి సంబంధించినది. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో, పత్తితోటల బానిసల సంతతికి చెందిన స్త్రీలు పనిబట్టలతో బొంతలు కుట్టారు. 2002లో హ్యూస్టన్ నగరంలోని లలితకళల ప్రదర్శనశాలలో వాటిని ప్రదర్శించిన తరువాత కళావిమర్శకుల దృష్టి ఆ పల్లెపై పడింది. వారిలో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె 1942లో, భర్త మరణానంతరం, ఆయన పొలానికి తొడుక్కున్న బట్టలతోనే ఒక బొంత కుట్టింది. ఇటువంటి బొంతలలో మోకాలి వద్ద వెలిసిన చోటు, జేబు ఊడదీయగా రంగు చెడక నిలిచిన చదరం అట్లాగే కనబడతాయి. ఆ గుడ్డను రెండంగుళాల ముక్కలుగా తరిగి ఉంటే నీలం మిగిలేది, మనిషి మిగలడు. ముక్క కొంత విశాలంగా ఉన్నప్పుడే గుడ్డ తన గతాన్ని తాను చెప్పగలదు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్ నగరంలో తొలిసారి పరచిన ఎయిడ్స్ స్మారక బొంతలో ఒక్కొక్క ఫలకం 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అది ఇంచుమించు సమాధి కొలత. ఆనాడు పరచిన ఫలకాలు 1,920. వాటి కొలతను చిన్నది చేసి ఉంటే బొంతను పరచడం, మోయడం సులభమై ఉండేది. మృతుడు మాత్రం ఒక మనిషిగా గాక ఒక అంకెగా మిగిలేవాడు.

చిన్న గడి వాదమూ తక్కువది కాదు. అది ప్రవేశార్హతకు సంబంధించినది. పాత చీరెలో నడుమ భాగం పలచబడుతుంది, అంచు గట్టిగా ఉంటుంది, కొంగు ఎక్కడో చిరిగి ఉంటుంది. అందులో పనికివచ్చే భాగం జానెడే కావచ్చు. రవికె కుట్టగా మిగిలిన పీలిక మూడంగుళాలకు మించకపోవచ్చు. 20 అంగుళాల గడిని నియమంగా పెట్టుకున్న బొంతలో ఆ పీలికకు చోటు లేదు. పెద్ద గుడ్డ ఉన్న ఇంటికే బొంత అన్నట్లవుతుంది. సింధు, రాజస్థాన్, కచ్ఛ్ ప్రాంతాల స్త్రీలు కూర్చే రల్లీలలో వందల కొలది చిన్న ముక్కలు త్రికోణాలుగా, చదరాలుగా చేరి, విడిగా ఏ ముక్కకూ లేని శోభను సంతరించుకుంటాయి. చిన్నగళ్ళ బొంతకు ఇంకొక సుగుణముంది. ఒక ముక్క చివికితే దానిని మాత్రం మార్చవచ్చు. పెద్ద ముక్క చిరిగితే బొంతలో పెద్ద భాగమే పోతుంది.

ఈ రెండు వాదాలను ఒకే వస్త్రంలో ఇమిడ్చిన ప్రాచీన ఉదాహరణ బౌద్ధ భిక్షువుల చీవరం. వినయపిటకంలోని మహావగ్గ కథనం ప్రకారం, దక్షిణగిరికి వెళ్ళే దారిలో బుద్ధుడు గట్లతో తీర్చిన మగధ వరిపొలాలను చూచి, అటువంటి కూర్పుతో చీవరాలు చేయగలవా అని ఆనందుని అడిగాడు. ఆనందుడు చేసి చూపాడు. పొలం గట్లవంటి పట్టీలు కుసి, అర్ధకుసి. వాటి నడుమ మడుల వంటి ముక్కలు మండలం, అర్ధమండలం. పెద్దదీ చిన్నదీ పక్కపక్కనే ఒకే ఖండంలో నిలిచాయి. అక్కడ కోయడానికి ఒక నైతిక ప్రయోజనముంది. కోసి అతికిన గుడ్డ శ్రమణునికి తగినది, దొంగ ఆశపడనిది. దాత ఎంత విలువైన వస్త్రమిచ్చినా కత్తెర దాని వెలను, దానితో కూడిన గర్వాన్ని తగ్గించి సంఘానికి అనువుగా చేస్తుంది. భజగోవింద స్తోత్రం వర్ణించిన యోగి ధరించే కంథ కూడా వీధిలోని పీలికలతో కూర్చినదే. ఈ సంప్రదాయాలలో ముక్క కావడం అవమానం కాదు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే సిద్దీలు ఆఫ్రికా నుండి వచ్చినవారి సంతతి. వారి స్త్రీలు కవంద్ అనే బొంతను ముందుగా గళ్ళు గీసుకొని కుట్టరు. ఒక మూల ప్రారంభించి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. చేతికందిన ముక్క కొలతే గడి కొలత. చివరకు నాలుగు మూలలా 'ఫులా' అనే చిన్న మడత ముక్కలను కుడతారు. అవి లేని బొంత వారి దృష్టిలో అసంపూర్ణం. దేనికీ చాలదనిపించే పీలికకు మూలల గౌరవస్థానం లభించింది. కొలతను ముందు నిర్ణయించి గుడ్డను దానికి లొంగదీయడం ఒక పద్ధతి, గుడ్డను చూచి కొలతను నిర్ణయించడం మరొక పద్ధతి. న్యాయం తరచు రెండవదానికి దగ్గరగా ఉంటుంది.

నేటి విపణిలో కొత్త తాను తెచ్చి, పాతబొంత పోలిక కోసం ముక్కలుగా కోసి, తిరిగి అతకడం సామాన్యమైంది. రేఖాగణిత సౌందర్యం కోసం కోయడాన్ని తప్పుపట్టనవసరం లేదు. చిత్రకారుడు రంగులను విడదీసి కలిపినట్లే అదీ ఒక కళ. కాని లేమి నుండి పుట్టిన రూపాన్ని సమృద్ధి అనుకరించినప్పుడు, ఆ రూపానికి వెనుక ఉన్న పొదుపు మాయమవుతుంది. అవసరం లేని అతుకు ప్రతిదీ కొంత గుడ్డను, కొంత కూలిని మింగుతుంది. ఆ కూలి తక్కువకు దొరుకుతున్నందువల్లనే చిన్నగడి చవకగా కనిపిస్తున్నట్లయితే, అందాన్ని మెచ్చుకునేవారు ఆ సంగతిని కూడా తూచవలసి ఉంటుంది.

పరిపాలనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో పెద్ద తాలూకాల స్థానంలో చిన్న మండలాలు ఏర్పడ్డాయి. చీవరంలోని ముక్కకూ పాలనా విభాగానికీ ఒకే పేరు కుదరడం యాదృచ్ఛికమే గాని ఆలోచింపదగినది. 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. విభాగం చిన్నదైతే కచేరీ ప్రజలకు చేరువవుతుంది. పెద్ద విభాగంలో వినబడని గొంతుకు చోటు దొరుకుతుంది. సరిహద్దుల పొడవు, కచేరీల ఖర్చు, ఉమ్మడి వనరుల పంపకంలో చిక్కులు కూడా దానితోపాటే పెరుగుతాయి. ఈ పోలికకు హద్దు ఉన్నదని మరువరాదు. కత్తెర ముందు గుడ్డ మాట్లాడదు. మనుషులు మాట్లాడతారు, వారిని అడగకుండా గీసిన గడి ఎంత పొందికగా ఉన్నా న్యాయమనిపించుకోదు.

కనుక పెద్దది మేలా, చిన్నది మేలా అన్నదానికి ఒక్క అంగుళపు కొలతతో సమాధానం దొరకదు. గుడ్డకు చెప్పుకోదగిన గతమున్న చోట దానిని పెద్దదిగా ఉంచాలి. చిన్నదిగానే మిగిలిన దానిని, చిన్నదన్న కారణంతో పారవేయరాదు. అతుకులో ఎవరు ఎంత కోల్పోతున్నారో లెక్క చూచుకున్న తరువాతనే కత్తెర వేయాలి. ఇంకొక సంగతి. గళ్ళను పక్కపక్కన చేర్చిన అతుకుల వల్లనే బొంత బొంత కాదు. పైపొర, లోపలి పాతగుడ్డ, అడుగుపొర మూడింటినీ పట్టుకుంటూ ఈ కొస నుండి ఆ కొస వరకు వరుసలుగా సాగే కుట్టు వేరే ఉంది. ఆ కుట్టు పెద్దగడి మీదుగా, చిన్నగడి మీదుగా ఒకే ఎడంతో నడుస్తుంది. చలికాలపు రాత్రి కప్పుకున్నవారికి గళ్ళు కనబడవు. పొరలు విడిపోకుండా నిలిచాయా లేదా అన్నదే తెలుస్తుంది.