విశ్రాంతికి వెల

గృహస్థు ఇల్లు విడువదగిన వేళకు మనుస్మృతి ఆఱవ అధ్యాయము మూడు గుర్తులు చెప్పినది: మేని ముడుతలు, తల నెరయుట, బిడ్డకు బిడ్డ కలుగుట. ఆధునిక రాజ్యము ఆ వేళను అంకెలలో నిర్ణయించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు అది 1998లో 58 ఏండ్ల నుండి 60కి పెరిగినది. నేడు కొందఱు 45 ఏండ్లకే మహానగరమున ఉద్యోగము మాని, కూడబెట్టిన ధనముతో మైసూరు వంటి నగరమున స్థిరపడ దలచుచున్నారు. వీరికి తల నెరయ నక్కఱలేదు. లెక్క కుదిరిన చాలును.

ఏటి వ్యయమునకు 25 రెట్లు కూడినచో పని మానవచ్చునని ఒక సూత్రము వాడుకలో నున్నది. దీనికి మూలము 1994లో విలియం బెంగెన్ అను అమెరికా దేశీయుడు ఆ దేశపు షేర్ల, బాండ్ల పూర్వచరిత్రను చూచి చేసిన గణన. అది ముఖ్యముగా 30 ఏండ్ల కాలమును గూర్చినది. కాని 45వ యేట పని మానినవాడు 81 ఏండ్లు జీవించినచో 36 ఏండ్లు గడుపవలెను. ధరలు ఏటేట నూటికి 6 వంతున పెరిగినచో 12 ఏండ్లకు రెట్టింపగును, 36 ఏండ్లకు ఎనిమిది రెట్లగును. నేడు నెలకు 50,000 రూపాయలతో జరుగు సంసారము నాడు 4,00,000 కోరును.

నగరము చౌకగా నుండుటయు శాశ్వతము కాదు. ఒకప్పుడు బెంగుళూరును పింఛనుదారుల స్వర్గమనెడివారు. చల్లని గాలి, చెట్ల నీడ, అందుబాటైన అద్దె వారిని పిలిచినవి. పిదప పరిశ్రమలును, కంప్యూటరు సంస్థలును వచ్చినవి, అద్దెలు ఆకాశమంటినవి. 2023 మార్చిలో బెంగుళూరు, మైసూరుల నడుమ కొత్త రహదారి ప్రారంభమైనది. దారి దగ్గఱైన కొలది ధరలును దగ్గఱ కాగలవు.

ఇంతకును చౌక యనగా నేమి? నేల వెల తగ్గుట యొకటి, మనిషి శ్రమకు వెల తగ్గుట మఱియొకటి. అంట్లు తోమునామె, ఆటో నడుపువాడు, కూరగాయలు తెచ్చి యమ్మునామె మహానగరమున కంటె తక్కువ రాబడితో తృప్తి పడుటయే ఆ చౌకలో పెద్ద పాలు. వారిలో 45 ఏండ్లకు విశ్రాంతి కోరగలవా రెవరు? వారికి 60 దాటినను తీరిక లేదు.

అట్లని పని మానుట దోషమనరాదు. ఇష్టము లేని కొలువులో ప్రాయమంతయు అరగదీసికొనుట ఎవ్వరికిని మేలు కాదు. సంపాదన చాలునని యెఱిగి ఆగగలుగుట సుగుణమే. అయితే వానప్రస్థుడు చోటు మాత్రమే మార్చినవాడు కాడు. కోరికలను గూడ తగ్గించుకొనెను. తాను తినుదానిలోనే భిక్ష పెట్టవలెననియు, ఆశ్రమమునకు వచ్చినవారిని నీటితో, దుంపలతో, పండ్లతో ఆదరింపవలెననియు మనువు అతనికి విధించెను. ఇచ్చుట అతనికి తప్పలేదు.

కావున ఈ కొత్త వానప్రస్థుని ధర్మమును వాని లెక్కల పుస్తకములోనే పరీక్షింపవచ్చును. రాబోవు 36 ఏండ్లకు బియ్యమునకు, మందులకు, విద్యుత్తుకు నూటికి 6 వంతున పెంచి వ్రాసికొన్నవాడు, పనిమనిషి జీతమును గూడ అట్లే పెంచి వ్రాసెనా? వ్రాయనిచో వాని విశ్రాంతి ఆమె పేదఱికముపై నిలిచియున్నది. ఆ పంక్తిని సరిదిద్దిన పిమ్మటను లెక్క కుదిరినచో నిశ్చింతగా వెళ్ళవచ్చును. కుదరనిచో మఱి కొన్నేండ్లు పని చేయుట మంచిది.