అగ్నికంభం ముందు కెమెరా

పగటిపూట అగ్నిపర్వతంలో కనిపించేది ఎక్కువగా పొగే. నిప్పు తన రంగు చూపేది చీకటి పడ్డాకే. అందుకే ఫొటోలు తీసేవాళ్లు రాత్రి కోసం కాచుకుంటారు. గాలివాలు చూసుకుని, విషవాయువులు తమ మీదికి రాని వైపు స్టాండు నిలిపి, షట్టరును కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచుతారు. ఆలోగా ఎగిరిపడిన ప్రతి నిప్పురాయీ ఒక ఎర్రటి వంపుగీత అవుతుంది. ఆ గీతను అక్కడున్న ఏ కన్నూ చూసి ఉండదు. కన్ను చూసింది కదిలే రాయిని మాత్రమే.

తైత్తిరీయోపనిషత్తు చెప్పిన సృష్టిక్రమంలో అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి పుట్టాయి. లయంలో అదే వరస వెనక్కి నడుస్తుంది. అగ్నిపర్వతంలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి రాయి నీరులా పారుతూ నిప్పులా వెలుగుతుంటే, లయాన్ని వేరే ఊహించుకోనక్కర్లేదు.

ఎంత దగ్గరికి వెళ్లి చూడాలి? ఫ్రాన్సుకు చెందిన మోరిస్, కాట్యా క్రాఫ్ట్ దంపతులు జీవితమంతా కెమెరాలతో అగ్నిపర్వతాల అంచుల్లోనే తిరిగారు. 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ పర్వతం నుంచి దూసుకొచ్చిన మండే మేఘం 43 మందిని బలిగొంది. ఆ ఇద్దరూ వాళ్లలో ఉన్నారు. అదే నెలలో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది. అక్కడి జనాన్ని ముందే ఖాళీ చేయించడానికి క్రాఫ్ట్ దంపతుల చిత్రాలు తోడ్పడ్డాయి. వాళ్ల సాహసాన్ని వట్టి మోజని కొట్టిపారేయడం నాకు చేతకాదు.

మన సీమకు అగ్నిపర్వతం దూరమేమీ కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా పేలినప్పుడు ఎగిసిన బూడిద బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో పొరగా పరుచుకుంది. ఆ పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అక్కడి జుర్రేరు కుందూలో, కుందూ పెన్నలో కలుస్తాయి. వానలకు కొట్టుకొచ్చిన ఆ ధూళి కొంతైనా దిగువన పెన్న ఒడ్డునున్న సంగం ఊరి ఇసుకలో చేరే ఉంటుంది. నిప్పును చూసే వీలే లేనివాళ్ల నెత్తిన కూడా దాని బూడిద రాలింది.

ఆ సంగంలోనే శివుడు సంగమేశ్వరుడై వెలిశాడు. శివుడు అగ్నికంభమై నిలిచిన లింగోద్భవ కథలో, ఆ కంభం మొదలు వెతుకుతూ విష్ణువు వరాహమై కిందికి, కొస వెతుకుతూ బ్రహ్మ హంసై పైకి వెళ్లారు. మొదలు దొరకలేదని విష్ణువు ఒప్పుకున్నాడు. బ్రహ్మ మాత్రం కొస చూశానని మొగలిపువ్వుతో సాక్ష్యం చెప్పించాడు. కోస్తాలో మొగలి పొదలకు కొదవలేదు. అయినా ఆ అబద్ధసాక్ష్యం వల్ల శివపూజకు ఆ పువ్వు మామూలుగా కోయరు.

ఈ కంభాన్ని మన లోపల నిలబెట్టి చూస్తే కథ మరింత పదునెక్కుతుంది. రూపాన్ని కన్ను చూస్తుంది, కంటిని మనసు చూస్తుంది, మనసును సాక్షి చూస్తుంది, సాక్షిని చూసేదేదీ లేదని దృగ్దృశ్య వివేకం అనే వేదాంత గ్రంథం మాట. కెమెరా ఎంత గొప్పదైనా చూడబడేవాటి వరసలోనిదే. అది నిప్పుకు ఎన్ని అడుగులు దగ్గరైనా, చూసేవాడికి ఒక్క అడుగు కూడా దగ్గర కాదు. అంతమాత్రాన అది అబద్ధసాక్షి అయిపోదు. ఎగిరిన ఎత్తులో బ్రహ్మకు ఏమీ తక్కువ లేదు. ఆయన తప్పంతా చూశానని చెప్పడంలో ఉంది. ఫొటో కింద షట్టరు ఎన్ని సెకన్లు తెరిచారో రాసే పద్ధతి నాకు నచ్చేది ఇందుకే. దొరికింది ఇంత మేరకే, దాని ముందూ వెనకా దొరకలేదని వరాహం చెప్పిన మాటే అక్కడ అంకెల్లో ఉంటుంది.