గజేంద్రుని మొర



గజేంద్రమోక్షము వినని తెలుగువారు మన మందిరములలో నుండరు. పోతన భాగవతమున అష్టమ స్కంధమందలి యీ కథను శ్రీరామనవమి దినములలో ఎన్నియో మారులు వినియున్నాము. ఈ సంచికలో దానిని మద్యమునకు చిక్కిన మన సోదరుల నిమిత్తము మరల తలచుకొనగోరుచున్నాను.

ముందుగ ఆ మొసలి ఏ మడుగున పెరిగినదో చూడవలెను. బ్రిటిషువారి కాలమున మలయా రబ్బరు తోటలలో కల్లు దుకాణము కూలి లైనులకు దగ్గరనే యుండెడిది. జీతపు రాళ్ళు చేతబడిన సాయంకాలము మగవాడు ఇంటికి పోవు దారి దాని ముందునుండియే. 1941లో క్లాంగు ప్రాంతపు తోట కార్మికులు సమ్మె కట్టినపుడు, కూలి పెంపుతోబాటు కల్లు దుకాణముల మూసివేతను గూడ కోరిరి. 1947లో కెడా రాష్ట్రమున తొండర్ పడై యను సేవాదళమువారు దుకాణముల యెదుట నిలిచి దెబ్బలు తినిరి. వారికి నమస్కరింతము. అయినను దుకాణము మూయుట వేరు, కాలు పట్టు విడుట వేరు. కల్లు తగ్గినచోట సంసు వచ్చెను, సంసు వెనుక రంగు సీసాలు వచ్చెను.

గజేంద్రుడు బలహీనుడు కాడు. మందకు నాయకుడు. తోడి యేనుగులు ఎంత యత్నించినను విడిపింపలేకపోయినవి. నీట నున్న కొలది మకరికి బలము హెచ్చెను, కరికి తరిగెను. త్రాగుబోతు ఇంటివారికి ఈ ఘట్టమునకు వ్యాఖ్య అక్కరలేదు. “నా యంతట నేను మానగలను, రేపే మానెదను” అనుమాట నీటిలో నిలిచి చేయు పోరు. తల్లి ఏడ్చును, భార్య సీసాను ఒలుకబోయును, బిడ్డ బడిలో తలవంచుకొని కూర్చుండును. బడిపంతులునగుటచే ఆ తలవంపు నాకు బాగుగ తెలియును. ఎవరి ప్రేమయు తక్కువైనది కాదు. పట్టు మాత్రము విడలేదు.

తన బలము చాలదని యొప్పుకొన్న నాడే గజేంద్రుడు మొర పెట్టెను. ఇక్కడ నొక విశేషము కలదు. అతడు ఏ దేవుని పేరును పెట్టి పిలువలేదు. సర్వమునకు మూలమైనవాడెవడో వాని శరణు వేడెను. తమను పిలువలేదని ఇతర దేవతలు మిన్నకుండిరి. అన్నిటను తానైన హరి వచ్చెను.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమును గూర్చి మనవారిలో కొందరు “అది క్రైస్తవుల కూటము, మనకేల?” అందురు. అది 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున పుట్టినమాట నిజము. విల్సన్ అను షేర్ల వ్యాపారి త్రాగుడు మాని అయిదు నెలలైనది. వచ్చిన పని చెడి, హోటలులో ఒంటరిగ నుండగా మరల త్రాగుదునేమోయను భయము పుట్టెను. అపుడతడు ఒక మతగురువునకు ఫోను చేసి, తనవంటి త్రాగుబోతు మరియొకనితో మాటాడవలెనని యడిగెను. అట్లు దొరికినవాడు స్మిత్ అను శస్త్రవైద్యుడు. ఆ వైద్యుడు కడసారి త్రాగిన జూన్ 10వ తేదీయే సంఘమునకు జన్మదినమైనది. మొసలికి చిక్కినవానికి మొసలి పండ్ల గురుతులున్నవాడే దొరికినాడు. నావంటి ఉపన్యాసకుడు గంటసేపు చెప్పినను ఆ పని జరుగదు. ఇక దేవుని మాట: ఎవరికి తోచిన రూపమున వారు నమ్ముకొనవచ్చునని వారి నియమములే చెప్పుచున్నవి. గజేంద్రుని మొరయు నట్టిదే గదా! నరసింహస్వామిని గొలుచువాడు నరసింహస్వామినే తలచుకొనును.

కౌలాలంపూరులో వీరి సమావేశములు జరుగుచున్నవి. ప్రవేశ రుసుము లేదు, ప్రమాణము లేదు. మానవలెనను కోరిక యుండిన చాలును. ఇంటిపేరు అడుగరు. మొదటినాడు నోరు మెదపక వెనుక వరుసలో కూర్చుండవచ్చును. ఒకరు తన కథ చెప్పుచుండగా తక్కినవారు ఖండింపరు, బుద్ధులు చెప్పరు. జీవితాంతము మానుమని కోరరు, ఈ యొక్క దినము మానుమందురు. కొంతకాలమునకు అనుభవశాలి యొకడు తోడుగ నిలుచును, అర్ధరాత్రి మనసు చలించినను వానికి ఫోను చేయవచ్చును. ఇంటివారికై అల్-అనాన్ అను వేరు సంఘము 1951లో ఏర్పడినది. విల్సన్ భార్య లోయిస్ దాని స్థాపకులలో నొకతె. “నీవలననే త్రాగుచున్నాను” అనుమాట ఏండ్ల తరబడి వినిన ఇల్లాండ్రు అచటికి పోవలెను.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి నిత్యము త్రాగినవాడు వ్రతము పేర హఠాత్తుగ మానినచో మూర్ఛలు, మతిభ్రమణము కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు. ముందుగ వైద్యుని చూడవలెను, పిమ్మట సమావేశమునకు పోవలెను.

మన మందిరములందు భజన జరుగునపుడు త్రాగినవానిని వాకిటనుండియే పంపివేయుచున్నాము. అది న్యాయమే కావచ్చును. కాని వారములో అనేక రాత్రులు మన హాలు తాళము వేసియే యుండును. ఒక రాత్రి ఇట్టి సమావేశమునకు ఇయ్యరాదా? ఆ సంఘమువారు తమ నియమము ననుసరించి బయటివారి విరాళము గ్రహింపరు, కావున కొద్దిపాటి అద్దె ఇత్తురు. పుణ్యకార్యమని దానిని త్రిప్పి పంపవలదు. వారి బోర్డుపై మందిరము పేరు కోరవలదు. మన సమాజము చిన్నది, ప్రతివాడును ప్రతివానికి బంధువే. కనుక తాళపుచెవి వారి చేత నుంచి, కార్యవర్గమువారు ఆ రాత్రి ఇంటికి పోవలెను. ఎవరెవరు వచ్చిరో వాకిట నిలిచి చూడరాదు.