కొన్నది మనదేనా?

కొన్న వస్తువు మీద అమ్మినవాడికి ఇంకా పెత్తనం ఉంటుందా? పాత చీరలిచ్చి స్టీలు గిన్నె పుచ్చుకునేటప్పుడు చీర నేసినవాణ్ణి అడిగే ఇస్తున్నామా ఏమిటి!

అమెరికాలో వీడియో గేముల దుకాణాలవాళ్ళు చేసేదీ ఇలాంటి బేరమే. ఆడేసిన డిస్కు తెచ్చిస్తే దానికింత అని కట్టి, కొత్త గేము ఖరీదులో తగ్గిస్తారు. పాతది మళ్ళీ అమ్ముకుంటారు. గేమ్‌స్టాప్ వంటి దుకాణాలకు కొత్త డిస్కు కంటే పాత డిస్కు మీదే లాభం మెండు. అందులో తయారుచేసినవాడికి దమ్మిడీ రాదు. అదీ వాళ్ళ ఏడుపు.

2013 జూన్‌లో మైక్రోసాఫ్టు వారు రాబోయే ఎక్స్‌బాక్స్ వన్‌కి షరతులు ప్రకటించారు. ఆ పెట్టె రోజుకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలట. గేము స్నేహితుడికివ్వచ్చు గానీ ఒక్కసారే; అతను 30 రోజులుగా మీ జాబితాలో ఉండాలి. (పెళ్ళిసంబంధానికైనా ఇంత వాకబు చేస్తారా?) అమ్మాలంటే తయారీదారు ఒప్పుకోవాలి, అదీ ఒప్పందమున్న కొట్లోనే. సోనీ వారు తమ ప్లేస్టేషన్ 4కి ఇలాంటి అడ్డేమీ లేదనగానే హాలంతా చప్పట్లు! 19వ తేదీకల్లా మైక్రోసాఫ్టు దిగివచ్చింది.

తయారుచేసినవాడిది కష్టం కాదని అనను. కానీ కొత్తది కొనలేకే కదా చాలామంది పిల్లలు పాతది కొనేది? పుస్తకాల విషయంలో ఈ తగువు 1908లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్చింది: ఒకసారి అమ్మేశాక, మళ్ళీ ఎంతకమ్మాలో ప్రచురణకర్త శాసించలేడని.

2020లో అసలు డిస్కే పట్టని ప్లేస్టేషన్ 5 వచ్చింది. గేము ఇంటర్నెట్ లోంచి నేరుగా దిగుతుంది. అమ్ముదామన్నా, పక్కింటి కుర్రాడికిద్దామన్నా చేతిలో ఏమీ ఉండదు. అప్పటి గోల మాత్రం లేదు. డిస్కు పట్టేదాని కంటే వంద డాలర్లు తక్కువకిచ్చారు మరి!